జాక్ ఆన్రీ లార్తీగ్: రేసు కార్ల ఫోటోలు దాచిన మనిషి

మన ఉత్సవ సంచికలలో వేమన, త్యాగయ్య, వీరేశలింగం పంతులుగారి వంటి పెద్దల జీవితాలు చదువుకోవడం మనకు అలవాటు. ఈసారి తెలుగుతో ఏ సంబంధమూ లేని ఒక ఫ్రెంచి పెద్దమనిషి జీవితం చెప్పబోతున్నాను. ఆయన పేరు జాక్ ఆన్రీ లార్తీగ్. ఆయన రాజు కాడు, దేశనాయకుడు కాడు. చిన్ననాటి నుండి తొంభై రెండేళ్ళు వచ్చేవరకు ఫోటోలు తీశారు. తీసినవాటిని తేదీ ప్రకారం సర్ది, అంటించి, కింద పేర్లు రాసి దాచారు. అందులో పాత రేసు కార్ల ఫోటోలకు ప్రత్యేక స్థానం ఉంది.

నటాల్‌లో పుట్టి పెరిగిన మనవాళ్ళలో మోటారు రేసులంటే ఇష్టపడేవాళ్ళు తక్కువేమీ కాదు. పీటర్‌మారిట్స్‌బర్గ్ దగ్గర రాయ్ హెస్కెత్ రేసు ట్రాకు 1953 నుండి 1981 వరకు నడిచింది. ఆ రోజుల్లో తీసిన కార్ల ఫోటోలు కొందరి ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. బిస్కెట్టు డబ్బాలో పెళ్ళి ఫోటోలతో, పుట్టినరోజు ఫోటోలతో కలిసిపోయి పడి ఉన్నాయి. ఏ కారు, ఏ సంవత్సరం, నడిపినదెవరు, పక్కన నిలబడినదెవరు అని అడిగితే చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే ఈ మనిషి జీవితం మనకు పనికివస్తుందని నాకు తోచింది.

బాల్యము

లార్తీగ్ 1894 జూన్ 13న పారిస్ పక్కనే ఉన్న కూర్బెవ్వా అనే ఊరిలో జన్మించారు. తండ్రి ఆన్రీ బాగా డబ్బున్న వ్యాపారస్థుడు. అన్న పేరు మోరిస్. ఇంట్లో అందరూ జిసూ అని పిలిచేవారు. ఆ ఇంట్లో కొత్త యంత్రం ఏది వచ్చినా సంబరమే. సైకిలు, మోటారుకారు, గాలిపటం, విమానం, అన్నీ ఆ కాలంలో కొత్తవే. తండ్రికి ఫోటోలు తీయడం సరదా. ఆ సరదా కొడుకుకు పట్టుకున్నది.

పిల్లవాడు శరీరంలో బలహీనుడు. తరచు జబ్బు పడేవాడు. చూసిన మంచి దృశ్యం కాసేపటికి మాయమైపోతుందే అని ఆ చిన్న వయసులోనే అతనికి దిగులు. కళ్ళు గట్టిగా మూసి తెరిచి, గిర్రున తిరిగి, ఎదుటి దృశ్యాన్ని కళ్ళలోనే బంధించవచ్చునని ఒక ఆట కనిపెట్టాడు. కొన్నాళ్ళకు ఆ ఆట పనిచేయడం లేదని తెలిసి ఎంతో బాధపడ్డాడు. 1902లో తండ్రి అతనికి ఒక కెమెరా ఇచ్చారు. చెక్కతో చేసిన పెద్ద పెట్టె, మూడు కాళ్ళ స్టాండు, గాజు పలకలు. పిల్లవాడు స్టూలు ఎక్కితే గాని అందులోకి చూడలేడు. కళ్ళతో చేయలేని పని ఆ పెట్టె చేసింది.

1905లో తన గదిలోని బొమ్మ రేసు కార్లను నేల మీద వరుసగా పెట్టి ఫోటో తీశాడు. కెమెరాను కూడా నేల మీదనే ఉంచాడు. అందువల్ల ఆ బొమ్మ కార్లు నిజమైన కార్లంత గంభీరంగా కనబడతాయి. పదకొండేళ్ళ పిల్లవాడి ఆట వస్తువులు ఏవో, ఆనాటి పిల్లలకు ఏ కార్లంటే మోజో, అన్నీ ఆ ఒక్క ఫోటోలో తెలుస్తాయి.

రోడ్డు మీది రేసులు

అదే సంవత్సరం జూలై 5న ఫ్రాన్సు మధ్యభాగంలోని ఓవెర్న్ కొండ ప్రాంతంలో గార్డన్ బెన్నెట్ కప్పు రేసు జరిగింది. లార్తీగ్ కుటుంబానికి ఆ ప్రాంతంలోనే రూజా అనే పెద్ద బంగళా ఉంది. పిల్లవాడు కెమెరా పట్టుకొని వెళ్ళాడు. ఆ రేసులో లేయాన్ తేరీ అనే ఆయన రిషార్ బ్రాసియే కారులో గెలిచారు.

ఈ కాలపు పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో రేసులకు వేరే ట్రాకులు చాలా అరుదు. ఊళ్ళ మధ్య రోడ్లనే మూసి వాటి మీద కార్లు నడిపేవారు. ఓవెర్న్‌లో ఒక్క చుట్టు సుమారు 137 కిలోమీటర్లు. అటువంటివి నాలుగు చుట్లు. రోడ్ల మీద దుమ్ము లేచిపోయేది. కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకడు నడిపేవాడు, రెండవవాడు మెకానిక్. దారిలో టైరు పగిలినా, ఇంజను ఆగినా ఇద్దరే దిగి బాగుచేసుకోవాలి. తలకు రక్షణగా గట్టి టోపీ లేదు, నడుముకు బెల్టు లేదు. జనం రోడ్డు అంచునే నిలబడి చూసేవారు. లార్తీగ్ కూడా అలాగే అంచున నిలబడి ఫోటోలు తీశాడు.

రూజా బంగళాలో అన్నదమ్ములు, వారి చుట్టాల పిల్లలు చెక్కతో చక్రాల బండ్లు చేసుకొని వాలు మీద నుండి పందెం వేసేవారు. జిసూ గాలిలో ఎగిరే గ్లైడరు తయారుచేశాడు. ఇవన్నీ తమ్ముడి కెమెరాలో పడ్డాయి. పారిస్‌లో మెట్ల మీద నుండి దూకుతున్న చుట్టాలమ్మాయి, గాలిలో ఉండగానే ఫోటోలో నిలిచిపోయింది. కదిలే వస్తువును కదులుతుండగానే పట్టుకోవడం ఆయనకు పట్టుదల అయింది.

ఆరవ నంబరు కారు

ఆయన పేరు చెప్పగానే లోకానికి గుర్తుకు వచ్చేది ఒక్క ఫోటో. దాన్ని 1912 ఫ్రెంచి గ్రాండ్ ప్రీ ఫోటో అంటారు. ఒక రేసు కారు కుడివైపు దూసుకుపోతున్నది. కారు ముందు భాగం ఫోటోలో లేదు, తెగిపోయింది. వెనుక పెట్రోలు ట్యాంకు మీద 6 అనే అంకె ఉంది. వెనుక చక్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులాగ సాగి ముందుకు వాలింది. రోడ్డు అంచున ఉన్న మనుషులు, స్తంభాలు మాత్రం వెనక్కు వాలి ఉన్నారు. చూసినవాళ్ళకు ఆ వేగం ఒళ్ళంతా తెలుస్తుంది.

ఇది ఎలా జరిగిందో మా బడిపిల్లలకు చెప్పినట్లే చెబుతాను. ఆ కాలపు కెమెరాలలో గాజు పలక ముందు ఒక గుడ్డ తెర ఉండేది. ఆ తెరలో సన్నని చీలిక. మీట నొక్కగానే ఆ చీలిక ఒక అంచు నుండి ఇంకొక అంచుకు జారుతుంది. కనుక ఫోటో అంతా ఒకేసారి పడదు. నేల దగ్గరి భాగం ముందు, పై భాగం కాస్త తర్వాత పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో కారు ముందుకు పోతుంది. అందుచేత చక్రం పై భాగం కింది భాగం కంటే ముందు ఉన్నట్లు పడుతుంది. లార్తీగ్ కారుతో పాటు కెమెరాను కూడా తిప్పారు. కారంత వేగంగా తిప్పలేకపోయినా, కదలని మనుషులు కెమెరాకు ఎదురు దిక్కుకు కదిలినట్లే లెక్క. అందువల్ల వాళ్ళు వెనక్కు వాలారు. కార్టూన్ బొమ్మలలో వేగంగా పోయే కారును ముందుకు వాలినట్లు గీయడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ కెమెరా తనంతట తానే ఆ పని చేసింది.

ఇంత పేరున్న ఈ ఫోటో తీసిన రోజుల్లో ఆయనకు నచ్చలేదు. కారు తెగిపోయింది, చక్రం వంకర పోయింది. ఇది చెడిపోయిన ఫోటో అని పక్కన పెట్టేశారు. అయితే పారేయలేదు. అదే మనం గమనించవలసిన విషయం. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 1950 తర్వాతి సంవత్సరాలలో, పాత పలకలు తిరిగి చూసుకుంటున్నప్పుడు అది మళ్ళీ చేతికి వచ్చింది. అప్పటికి లోకం చూపు మారింది, ఆయన చూపు కూడా మారింది. చెడిపోయిందనుకున్నదే అన్నింటిలో గొప్పదిగా నిలిచింది.

ఈ ఫోటోకు ఇంకొక కథ కూడా ఉంది. చాలా సంవత్సరాలు దీని కింద డెలాజ్ కంపెనీ కారు అని రాసి అచ్చువేశారు. పుస్తకాలలో, ప్రదర్శనలలో అదే మాట. కాని 1912 గ్రాండ్ ప్రీలో డెలాజ్ కార్లు పాల్గొనలేదు. పాత కార్ల చరిత్ర తెలిసినవాళ్ళు ట్యాంకు ఆకారం చూశారు, 6 అనే అంకె చూశారు, ఆనాటి రేసుల జాబితాలతో పోల్చారు. అది తియోఫిల్ ష్నైడర్ కంపెనీ కారు అని, నడిపినవాడు క్రోకే అని తేల్చారు. లార్తీగ్ వంటి జాగ్రత్తపరుడి ఫోటోకే ఇలా జరిగింది. ఆ అంకె ఫోటోలో పడకపోయి ఉంటే క్రోకే పేరు ఎవరికీ దొరికేది కాదు.

డైరీలు, ఆల్బములు

లార్తీగ్ రోజూ డైరీ రాసేవారు. ఆనాటి వాతావరణం ఎలా ఉన్నది, ఎవరెవరు వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు, ఏ ఫోటో తీశారు అని పొందికగా రాసేవారు. తీసిన ఫోటో ఎలా ఉంటుందో చిన్న బొమ్మ కూడా గీసేవారు. పలక కడిగినప్పుడు ఫోటో రాకపోయినా ఆ బొమ్మ మిగిలేది. తర్వాత పెద్ద ఆల్బములలో తేదీల వరుసన ఫోటోలు అంటించి, పేర్లు, ఊళ్ళు తన చేతితో రాసేవారు. అటువంటి ఆల్బములు వందకు పైగా ఉన్నాయి. ఫోటోలు లక్షకు మించి ఉన్నాయి.

ఆ ఆల్బములను ఆయన ఒకసారి చేసి వదిలిపెట్టలేదు. ముసలితనంలో కూడా పాత పుటలు విప్పి, కొత్తగా సర్ది, మళ్ళీ అంటించారు. ఫోటోలు సర్దడం ఒకనాటితో తీరే పని కాదని, ఇల్లు ఊడ్చినట్లు మళ్ళీ మళ్ళీ చేయవలసినదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

కష్టకాలము

ఆయన జీవితమంతా సుఖంగా గడిచిందనుకోకూడదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, శరీర బలం చాలనందున, తన సొంత కారులో పారిస్ డాక్టర్లను తిప్పే పని చేశారు. 1915లో జూలియన్ అకాడమీలో చిత్రకళ నేర్చుకున్నారు. అప్పటి నుండి ఆయన తనను చిత్రకారుడిగానే భావించుకున్నారు. ఫోటోలు ఆయనకు ఇంటి సంగతి, మనసుకు సంబంధించిన సంగతి. 1919లో ప్రసిద్ధ సంగీతకర్త ఆంద్రే మెసాజే కుమార్తె మాద్లేన్‌ను వివాహం చేసుకున్నారు. 1921లో కుమారుడు దానీ పుట్టాడు. ఆ వివాహం నిలవలేదు. 1930 తర్వాతి సంవత్సరాలలో తండ్రి సంపద కరిగిపోయింది. ఇంకొకరి కింద ఉద్యోగం చేయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. బొమ్మలు వేసి అమ్ముకొని బతికారు. 1942లో ఫ్లోరెట్‌ను పరిచయం చేసుకున్నారు. ఆమే చివరివరకు ఆయనకు తోడుగా ఉన్న భార్య.

ఈ కష్టాలు ఆల్బములలో పెద్దగా కనబడవు. వాటిలో అంతా నవ్వులు, సముద్రం, కార్లు, పందాలు. దిగులు డైరీలలో ఉంది. మన ఇళ్ళలో కూడా అంతే. కష్టం వచ్చిన రోజున ఎవరూ కెమెరా తీయరు. పెళ్ళి ఫోటోలో అందరూ పట్టుబట్టలు కట్టుకొని ఉంటారు. వాటి కొనుగోలుకు ఎవరు ఎన్ని నెలలు కష్టపడ్డారో ఫోటో చెప్పదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని చెప్పాలి, ఇంకొకరు రాసుకోవాలి.

అరవై తొమ్మిదేళ్ళకు వచ్చిన పేరు

ఫోటోలు దాచడంతో ఆయన ఆగలేదు. చూపించారు కూడా. 1955లో పారిస్‌లో బ్రసాయ్, దువానో వంటి పేరున్న ఫోటోగ్రాఫర్లతో పాటు ఆయన ఫోటోలు కూడా ప్రదర్శనలో ఉన్నాయి. అయినా ఫ్రాన్సు వెలుపల ఆయనను ఎవరూ ఎరుగరు.

1962లో భార్యతో కలిసి అమెరికా వెళ్ళారు. న్యూయార్కులో ఛార్లెస్ రాడో అనే ఫోటో ఏజెన్సీ పెద్దకు ఆ పాత ఫోటోలు చూపించారు. రాడో వాటిని ఆధునిక కళా మ్యూజియంలో ఫోటో విభాగం పెద్ద జాన్ షార్కోవ్‌స్కీకి చూపించారు. 1963లో ఆ మ్యూజియం లార్తీగ్ ఫోటోల ప్రదర్శన పెట్టింది. అప్పటికి ఆయన వయసు అరవై తొమ్మిది. చాలా మంది రిటైరై ఇంట్లో కూర్చునే వయసు అది. అదే సంవత్సరం లైఫ్ పత్రిక ఆయన ఫోటోలు అచ్చువేసింది. నవంబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగింది. ఆ వార్తలతో వెలువడిన సంచికలోనే ఈ ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ సంచిక అమెరికాలో చాలా మంది చేతికి చేరింది. ఆ దుఃఖపు రోజుల్లో లక్షలాది మంది ఆ పాత కార్లను, గాలిలో దూకే పిల్లలను చూశారు.

తర్వాత రిచర్డ్ ఆవెడన్ అనే ప్రసిద్ధ అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆయన ఆల్బములన్నీ తిరగేసి ఫోటోలు ఎంచారు. 1970లో ఆ ఎంపిక పెద్ద పుస్తకంగా వచ్చింది. 1974లో ఫ్రాన్సు అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్ తన అధికారిక ఫోటో తీయమని లార్తీగ్‌ను కోరారు. ఒకనాడు స్టూలెక్కి కెమెరాలోకి చూసిన పిల్లవాడు ఎనభయ్యవ ఏట దేశాధ్యక్షుడి ఫోటో తీశాడు.

చివరి పని

1979లో ఆయన తన జీవితంలోని పెద్ద నిర్ణయం తీసుకున్నారు. తన ఫోటోలు, నెగెటివులు, ఆల్బములు, డైరీలు అన్నీ ఫ్రాన్సు ప్రభుత్వానికి దానం చేశారు. బతికి ఉండగానే అలా ఇచ్చిన మొదటి ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆయనే. వాటిని విడివిడిగా అమ్మితే ఎంతో డబ్బు వచ్చేది. కాని విడదీస్తే వరుస పోతుంది. వరుస పోతే కథ పోతుంది. అందుకే ఆయన జీవితకాలపు పని ఒకేచోట మిగిలింది.

1986 సెప్టెంబరు 12న నీస్ నగరంలో లార్తీగ్ కన్నుమూశారు. ఈనాటికీ పరిశోధకులు ఆ ఆల్బములను, డైరీలను పక్కపక్కన పెట్టి చదువుతున్నారు. ఆయన ఏమీ తెలియని అమాయక బాలుడిగా ఫోటోలు తీశాడనే పాత కథను కూడా వాటి సాయంతోనే సరిదిద్దారు. తండ్రి ఎంత నేర్పారో, మంచి కెమెరాలు ఎన్ని కొనిచ్చారో, ఆనాటి బొమ్మల పత్రికలను పిల్లవాడు ఎంత శ్రద్ధగా చూసేవాడో ఆ కాగితాలే చెప్పాయి. దాచినవాడి గురించి కూడా దాచిన కాగితమే నిజం చెప్పింది.

మనకు ఏమి పని

మన పూర్వులలో చాలా మంది ఓడలెక్కి చెరకు తోటలకు వచ్చినవారు. వారికి కెమెరా ఎక్కడిది? ఓడ జాబితాలో ఒక నంబరు, తండ్రి పేరు, ఊరి పేరు, అంతే. మన ఇళ్ళలో ఫోటోలు మొదలైనది తర్వాతి తరంలో. అందుచేత ఉన్న కాసినీ మనకు బంగారం వంటివి. కొత్త కారు కొన్న రోజున దాని బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడిన మామయ్య, రేసు చూడడానికి రొట్టె, కూర మూటగట్టుకొని వెళ్ళిన చిన్నాన్నలు, వీళ్ళే మన చరిత్ర.

కనుక ఈ పండుగ సెలవులలో ఒక పని చేయండి. డబ్బా దించండి. అవ్వను, తాతను మధ్యలో కూర్చోబెట్టండి. ఒక్కొక్క ఫోటో చూపించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగి మెత్తని పెన్సిలుతో వెనుక రాయండి. గట్టిగా అదిమి రాస్తే గీత ముందువైపుకు తేలుతుంది. తెలుగులో రాయడం వచ్చినవాళ్ళు తెలుగులో కూడా రాయండి. కారు ఉంటే దాని నంబరు ప్లేటు రాసుకోండి. ఆరవ నంబరు కారు సంగతి గుర్తుంచుకోండి. అంచున సగం పడిన మనిషి పేరు కూడా అడగండి. మసకగా ఉన్నదని, తల తెగిందని ఏదీ పారేయకండి. ఆ తర్వాత ఫోనుతో కాపీ తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు పంపండి. ఒక ఇంట్లో పేరు తెలియని ముఖాన్ని ఇంకొక ఇంటివారు గుర్తుపట్టవచ్చు.

లార్తీగ్‌కు డబ్బుంది, తీరికుంది, మంచి కెమెరాలున్నాయి. అవి అందరికీ ఉండవు. కాని పేరు రాసే పెన్సిలు ప్రతి ఇంట్లోనూ ఉంది. అడిగితే చెప్పే పెద్దలు ఉన్నంతకాలమే దానికి పని.